డ్రెస్సు మంచిగుంది

పోయిన దీపావళికి మా అమ్మాయి, మనుమరాలు వచ్చి నాలుగు రోజులున్నారు. పండుగ వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం, నోముల అరిసెలు తినలేక, దాచలేక అందరం హాల్లో చతికిలబడి ఉండగా టీవీలో ‘సాగరసంగమం’ మొదలయింది. మా ఆయన కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. మా అమ్మాయి సీతాఫలాల గింజలు తీసి గుజ్జు గిన్నెలో వేస్తోంది. మనుమరాలు ఓ కన్ను సెల్‌ఫోను మీద, ఓ కన్ను టీవీ మీద వేసి కూర్చుంది.

కాసేపయ్యాక అడిగింది. “అమ్మమ్మా, ఇందుల హీరో ఎప్పుడొస్తడు?”

“వచ్చిండు కదనే! గా ముసలాయనే.”

“ఈయనా? ఈయన హీరో ఎట్లయితడు? తాగి ఉన్నడు, బట్టలు నలిగి ఉన్నయి!”

నాకు నవ్వొచ్చింది. దాని తప్పేం లేదు. దాని లెక్కలో హీరో అనేవాడు రాగానే వందమంది వెనకాల గంతులెయ్యాలి, దుమ్ము లేవాలి, చెవులు గింగురుమనాలి. నిజానికి మా కాలం లెక్కలు మాత్రం ఏం గొప్పగా ఉన్నాయి గనుక! రెండు జడలు, లంగా ఓణీ, పొలంగట్ల మీద స్నేహితురాళ్లతో గెంతుతూ వస్తే ఆ పిల్ల అమాయకురాలు, హీరోయిన్. నిండా పమిట కప్పుకుని పళ్లెం పట్టుకుని వస్తే వదినగారు, ఇక ఆవిడకి సినిమా అంతా కష్టాలే. తళుకు బట్టల్లో జ్యోతిలక్ష్మి వచ్చిందంటే విలన్‌గారి స్థావరంలోకి వచ్చామన్నమాట. మా అత్తమ్మ అప్పుడు చేతుల్తో మొహం కప్పుకునేది. వేళ్ల సందుల్లోంచి చూసేదని మా తోడికోడలు చెబితేగాని నాకు తెలియలేదు.

ఇదంతా సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. జగిత్యాల దగ్గర మా పుట్టింటి ఊరికి చిన్నప్పుడు చిందు భాగవతులు వచ్చేవారు. పంటలు ఇంటికి చేరాక, ఊరి నడుమ పందిరేసి రాత్రంతా ఆడేవారు. కొత్త వేషం వచ్చేముందు ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడేవాళ్లు. పిల్లలం ముందు వరసలో కింద కూర్చునేవాళ్లం కాబట్టి మాకు తెర కింద నుంచి పాదాలు కనబడేవి. ఆ పాదాలను బట్టి లోపల ఎవరున్నారో పందెం వేసుకునేవాళ్లం. గజ్జెలు ఘల్లున మోగి నేల అదిరిందా, రాక్షసుడు. వేళ్ల మీద మెల్లగా కదిలాయా, రాణిగారు. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు తడబడ్డాయా, బుడ్డర్‌ఖాను లాంటి నవ్వించే వేషం. తెర తీశాక కిరీటం, భుజకీర్తులు, మొహాన రంగు కనబడేవి గానీ మాకు మనిషి అప్పటికే తెలిసిపోయేవాడు. ఆ రాణిగారు పొద్దున చూస్తే మీసాలాయనే అయ్యేవాడు, అది వేరే సంగతి! నిజామాబాదు వైపు చిందు ఎల్లమ్మ అయితే ఆడమనిషై ఉండి మగవేషాలు కట్టి పేరు తెచ్చుకుంది. కూచిపూడిలో సత్యభామ ముందు తెర మీదుగా తన జడ వేసి చూపిస్తుంది. మొహం చూడకముందే ఆవిడ అతిశయమంతా ఆ జడలో కనబడిపోతుంది.

మా మనుమరాలికి ఇవన్నీ చెప్పబోతే, “అట్లయితే ‘ఆర్ఆర్ఆర్’ లెక్కన్నమాట” అంది. ఆలోచిస్తే అదీ నిజమే. 2022లో వచ్చిన ఆ సినిమా మన ఆదిలాబాదు అడవుల్లోనే మొదలవుతుంది. గోండు పిల్ల పాట పాడుతూ దొరసాని చేతి మీద ముగ్గులాంటి బొమ్మ వేస్తుంది. దొరలు విసిరిన నాణేలు పాటకు బహుమానం అనుకుంటుంది పిల్ల తల్లి. పిల్లను కొనుక్కుపోతున్నారని పాపం ఆవిడకి తెలియదు. ఆ గౌనులు, టోపీలు, నేల మీద కూర్చున్న ఆ చిన్న పిల్ల చెయ్యి... ఇంకెవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు, ఎవరెట్లాంటి వాళ్లో.

సరే, ‘సాగరసంగమం’ సంగతికి వస్తాను. 1983లో వచ్చింది. కె. విశ్వనాథ్‌గారిది, ఏడిద నాగేశ్వరరావుగారు తీశారు. మొదట్లోనే ఓ అమ్మాయి వేదిక మీద శివుడి పాటకు నాట్యం చేస్తుంది. ఆ అమ్మాయి వేషం వేసింది ఎస్.పి. శైలజ. తను స్వయంగా గాయని అయ్యుండి ఆ పాట పాడలేదు, ఆడింది. గొంతు జానకమ్మది. ఒంటి నిండా ఆభరణాలు, కాళ్లకు గజ్జెలు, దీపాలు, చప్పట్లు, ఎందులోనూ లోటు లేదు. చూసేవాళ్లలో ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టడు. నెరిసిన జుట్టు, కళ్లజోడు, నలిగిన బట్టలు, పైగా తాగుడు. ఆయన పత్రికలో ఆ నాట్యాన్ని చీల్చి చెండాడుతాడు. వాళ్లు కోపంతో పత్రిక ఆఫీసుకే వచ్చి నిలదీస్తారు. అప్పుడు ఆయన ఆ బట్టల్లోనే, గజ్జెలు లేవు, వేదిక లేదు, మద్దెల లేదు, ఆఫీసు బల్లల మధ్య నిలబడి ఆ ఒక్క చరణాన్నే ఒక సంప్రదాయంలో ఇట్లా ఉంటుంది, ఇంకో సంప్రదాయంలో ఇట్లా ఉంటుంది, నువ్వు చేసింది ఇందులో ఏది అని ఆడి చూపిస్తాడు.

విశ్వనాథ్‌గారి తెలివి చూడండి. వేషం అంతా ఆ పిల్ల మీద పెట్టారు, నాట్యం అంతా ఈయన ఒంట్లో పెట్టారు. ఇంకా కథ మొదలే కాలేదు. ఈయన ఎవరో, ఎందుకిట్లా అయ్యాడో మనకేం తెలియదు. కానీ ఇంత విద్య ఉండి ఇట్లా నలిగిన బట్టల్లో ఉన్నాడంటే మనిషి జీవితంలో ఏదో పెద్దది విరిగిపోయిందని అర్థమవుతుంది. ఆ తర్వాత చెప్పిన కథంతా ఆ నలిగిన బట్టల కథే. వంటమనిషి కొడుకు, పెళ్లివారింట వంటల దగ్గర నాట్యమాడిన కుర్రాడు... మీరంతా చూసిందే, మళ్లీ చెప్పను. ఒక్క కుంకుమ బొట్టు గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. భర్త పోయిన మాధవి, బాలు మనసు కష్టపడకూడదని బొట్టు పెట్టుకుని వస్తుంది. వానలో ఆ బొట్టు చెరిగిపోకుండా అతను అరచెయ్యి అడ్డం పెడతాడు. అక్కడ వేషం అంటే ఆ రవ్వంత కుంకుమే.

ఆ సినిమా నేను మొదటిసారి కరీంనగర్‌లో చూశాను, పక్కింటి ముగ్గురు ఆడవాళ్లతో కలిసి మ్యాట్నీకి. నా ఒళ్లో మా అమ్మాయి, అప్పటికి దానికి నాలుగేళ్లు. ఇంటికొచ్చాక వారం రోజులు మాకు అదే ముచ్చట. మిగతావాళ్లంతా జయప్రద చీరల గురించి, వాన గురించి. నేను మాత్రం బాలు పార్టీ. నిజం చెప్పాలంటే ఆ ఆఫీసు ఘట్టమే నాకు సినిమా అంతా. విద్య తెలిసినవాడు మొహమాటం లేకుండా తప్పును తప్పనాలి, పొగడ్తలతో పిల్లలు పాడవుతారు అని ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నానో నాకే లెక్క లేదు. అట్లా అనడానికి నాకేం విద్య వచ్చునని మాత్రం ఎవరూ అడగలేదు.

1986లో మా ఆయనకు ఉట్నూరు బదిలీ అయింది. మూడేళ్లు అక్కడున్నాం. దీపావళి ముందర గోండు గూడాల్లో దండారి మొదలయ్యేది. ఒక గూడెం బృందం ఇంకో గూడేనికి వెళ్లి ఆడిపాడి, విందు తిని, ఒక్కోసారి పెళ్లి సంబంధాలు కూడా ఖాయం చేసుకుని వస్తుంది. డోలు, గుమేల, పెప్రె చప్పుడు రాత్రిళ్లు మా క్వార్టర్ల దాకా వినబడేది. ఆ దండారిలో గుస్సాడీ వేషం ఉంటుంది. నెత్తిన నెమలి పింఛాలతో ఇంత పెద్ద కిరీటం, ఒంటి నిండా బూడిద, భుజాన మేకతోలు, మెడలో పూసలు, నడుముకు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. దీక్ష ముగిసేదాకా స్నానం చెయ్యరు. గోదావరి ఒడ్డున దండేపల్లి దగ్గర గుడిరేవులో పద్మల్‌పురి కాకో గుడికి గుస్సాడీలు వచ్చి మొక్కుకుంటారు.

ఒకరోజు మాకు పాలు పోసే గోండు పెద్దామెతో పాటు నేనూ గూడేనికి వెళ్లి చూశాను. అలవాటు ఎక్కడికి పోతుంది! “ఈ నలుగురిలో అందరికన్నా మంచిగ ఎవరు ఆడుతున్నరు?” అని అడిగాను. ఆమెకి నా ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగితే నవ్వి, “అమ్మా, పొద్దుగాల ఆడు మా మరిది కొడుకు. ఇప్పుడు ఆడు కాదు, దేవుడు. దేవుడు మంచిగ ఆడుతున్నడా అని అడుగుతరా?” అంది. ఆ మాట నాకప్పుడు తమాషాగా తోచింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి నవ్వుకున్నాం, అంతే. ఆ నాట్యాన్నే మార్లవాయి కనకరాజుగారు ఢిల్లీ దాకా తీసుకువెళ్లారు, 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయారని పేపర్లో చూసినప్పుడు నాకు ఆ పాలామె మాటే గుర్తుకొచ్చింది.

మేం నవ్వుకున్నాం గానీ, మా అమ్మాయి నవ్వలేదు. ఆ మర్నాడు పెరట్లోకి వెళ్లి చూస్తే ఏముంది! పొయ్యిలో బూడిద ఒంటినిండా పూసుకుంది. చీపురుకట్ట విప్పి తువ్వాలుతో నెత్తి చుట్టూ కట్టుకుంది. నా పచ్చళ్ల గరిటె చేతిలో పట్టుకుని, డోలు చప్పుడు నోటితోనే చేసుకుంటూ చిందులేస్తోంది. పక్క క్వార్టర్ల పిల్లలంతా చుట్టూ తిరుగుతున్నారు. చీపురు పాడైందని రెండు అంటించాను గానీ, పిల్లకు తాళం ఉన్నదని అప్పుడే కనిపెట్టాను. తిరిగి కరీంనగర్ రాగానే డాన్సు క్లాసులో చేర్పించాను.

రెండేళ్లు నేర్చుకుంది. 1991లో పిల్లలందరితో కలిపి ఓ కార్యక్రమం పెట్టారు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. దాని డ్రెస్సు కోసం నా పెళ్లి పట్టుచీర కోయించాను. మా అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నడుముకు విసనకర్రలా కుచ్చిళ్లు, ఆ పాత జరీ అంచు పాదాల దాకా దిగి అడుగు వేస్తే విచ్చుకునేటట్లు టైలరు అద్భుతంగా కుట్టాడు. పాపిట బిళ్ల, చెంపసరాలు, రాకొడి, వడ్డాణం అద్దెకు తెచ్చాం. పారాణి నేనే పెట్టాను. తెర వెనక నిలబెట్టి చూసుకుంటే నా కళ్లే చెమర్చాయి.

ఆడింది. ఎట్లా ఆడిందీ అంటే, పన్నెండేళ్ల పిల్ల ఎట్లా ఆడుతుందో అట్లా. ఒకచోట తాళం జారింది, ఒకచోట ఎడమ చెయ్యి మరిచిపోయింది, చివర్లో కిందికి చూసింది. జనం చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి మొహమంతా చెమట, కాటుకతో నా ఎదుట నిలబడి, “ఎట్లున్నదమ్మా?” అంది.

“డ్రెస్సు మంచిగుంది” అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. రిక్షాలో ఇంటికొచ్చేదాకా ఎక్కడ తాళం జారిందో, ఎక్కడ చెయ్యి తప్పిందో, పక్క పిల్ల చూపు ఎంత నిలకడగా ఉందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. మంచికే చెబుతున్నాననుకున్నాను. అది చెంపసరాల పిన్నులు ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెడుతూ వింది. ఇంటికొచ్చి గజ్జెలు విప్పి గూట్లో పెట్టింది. తరువాతి వారం కడుపునొప్పి అంది. ఆపై వారం పరీక్షలు అంది. ఆ తర్వాత నేనే అడగడం మానేశాను. ఎవరైనా అడిగితే, “దానికి ఇంట్రెస్టు లేదండీ, చదువు మీద ధ్యాస” అని చెప్పేదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా అదే మాట చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమనిపించింది.

టీవీలో ఆఫీసు ఘట్టం వచ్చింది. ఎన్నోసారో చూడడం, అయినా నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. మనుమరాలు సెల్‌ఫోను పక్కన పెట్టేసింది.

“అబ్బ! ఏం ఆడుతున్నడు!” అంది. ఆ వెంటనే, “అయినా అందరి ముందట ఆ అక్కను అట్ల అనుడేంది అమ్మమ్మా? ఆమె ఏడ్వదా?” అంది.

“తప్పు చేసినప్పుడు చెప్పాలె గద. చెప్పకపోతే ఎట్ల తెలుస్తది?” అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది.

మా అమ్మాయి సీతాఫలం మీంచి తలెత్తలేదు. “చెప్పుడు తప్పు కాదమ్మా” అంది మెల్లగా. “సినిమా ఆఖరి దాకా చూడు. ఆ పిల్లకు మళ్ల నేర్పేదెవరు? ఆ ముసలాయనే గద. పాణం బాగలేకున్నా వచ్చి నేర్పిండు. తిట్టి ఇంటికి పోలే.”

గొంతులో కోపమేం లేదు. గిన్నెలోంచి ఓ గింజ ఏరి పక్కన పడేసింది. ఎంతమందితో ఎన్నిసార్లు ఆ సినిమా గురించి మాట్లాడానో, ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. మొదటి పావుగంట దగ్గరే ఆగిపోయాను. నలిగిన బట్టలు, కళ్లజోడు, పదునైన మాట, అంతవరకే బాలును పట్టుకున్నాను. ఆయన వేషం కట్టడం నాకు వచ్చింది గానీ...

మా ఆయన కునుకులోంచి లేచి, “టీ లేదా?” అన్నారు. ఆ మగమనిషికి ఎప్పుడు ఏం అడగాలో ఆ రోజు మాత్రం బాగా తెలిసింది. వంటింట్లోకి వెళ్లి టీ పడేసి, అటునుంచి అటే లోపలి గదిలోకి వెళ్లాను. ఇనప్పెట్టె అడుగున, కోసిన నా పెళ్లిచీర తాలూకు మిగిలిన ముక్కలో గజ్జెలు చుట్టి ఉన్నాయి. తోలు పట్టీ బిరుసెక్కింది. మూడు నాలుగు మువ్వలు ఊడిపోయాయి. తెచ్చి ఏమీ అనకుండా మనుమరాలి పక్కన పెట్టాను.

“ఇవెవరివి?” అంది అది.

“మీ అమ్మవి.”

“అమ్మా! నువ్వు డాన్స్ నేర్చుకున్నవా? నాకెప్పుడు చెప్పలేదేంది!”

మా అమ్మాయి నా వైపు చూసింది. చేతులు కడుక్కొని వచ్చి కింద కూర్చుని, పిల్ల కాళ్లకు జీన్సు ప్యాంటు మీదనే గజ్జెలు కట్టింది. “అట్ల నిలబడొద్దు, మోకాళ్లు వంచు. ఆఁ, ఇప్పుడు కుడికాలు” అంటూ నేల మీద చేత్తో తాళం వేసింది. నాలుగు అడుగులు తను చేసి చూపించింది. నలభై ఆరేళ్ల మనిషి, చేతులకు ఇంకా సీతాఫలం వాసన, నైటీ కుచ్చెళ్లు ఓ చేత్తో ఎత్తిపట్టుకుంది. మడమ నేలకు తాకిన చప్పుడు విని మా ఆయన టీ కప్పు కింద పెట్టేశారు.

పిల్ల చేసింది. అడుగు తప్పింది. మళ్లీ చేసింది. ఎడమ చెయ్యి ఎక్కడుందో దానికే తెలియదు. రొప్పుతూ నా ముందుకొచ్చి నిలబడింది.

“ఎట్లున్నది అమ్మమ్మా?”

వెనకాల మా అమ్మాయి తాళం వేస్తున్న చెయ్యి ఆపింది.

“ఇంకోపారి చెయ్యే బిడ్డా” అన్నాను. “కండ్లజోడు లేక మంచిగ కనబడలే.”

కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది.